కలాకౌవా రాజును ఆయన చిఱువాద్యమును

వాద్యములలో పెద్దవియు చిన్నవియు గలవు. దేవాలయములోని ఆర్గను పెద్దది. దానిని తెచ్చుటకు ఓడయు, నిలుపుటకు మందిరమును వలయును. వీణ మన దేశమున గౌరవము పొందిన వాద్యము. దానికి చాపయు పీటయు వేసి కూర్చుందురు. అయితే మూరకు కొంచెము మించిన పొడవును, నాలుగే తంతులును గలిగి, చంటిబిడ్డవలె చంకను పెట్టుకొనదగిన వాద్యమొకటి పసిఫిక్ మహాసముద్రపు దీవులలో పుట్టి నేడు లోకమంతట వినబడుచున్నది. దాని పేరు ఉకులేలే. పరదేశపు పేద కూలీల చేతులలో ఒక రేవున దిగిన వాద్యమునకు అది సంతానము. దానిని రాజనగరులోనికి పిలిచి తన ప్రక్కను కూర్చుండబెట్టుకొనినవాడు హవాయి దేశపు రాజు కలాకౌవా. ఆ రాజు చరిత్రలో మెచ్చదగినవియు, మెచ్చదగనివియు గలవు. రెంటిని దాచక మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

బాల్యము - విద్య

కలాకౌవా 1836వ సంవత్సరము నవంబరు 16వ తేదీన హొనొలూలు పట్టణమున ప్రభువంశమునందు జన్మించెను. పుట్టిన శిశువును మఱియొక గౌరవకుటుంబమున పెంపునకిచ్చుట ఆ దేశపు ప్రభువుల ఆచారము. ఆ చొప్పున అతడు మవుయి దీవిలో కొంతకాలము పెరిగి, చదువునకు తగిన యీడు రాగానే హొనొలూలునకు తిరిగి వచ్చెను.

అంతకు పూర్వమే, 1820వ సంవత్సరమున, అమెరికాలోని బోస్టను నగరమునుండి మిషనరీలు ఆ దీవులకు వచ్చియుండిరి. వారు హవాయి భాషకు లిపి నేర్పఱచి, 1822వ సంవత్సరమున అచ్చుపని నారంభించి, 1839వ సంవత్సరమునాటికి బైబిలు గ్రంథమంతయు ఆ భాషలోనికి తెచ్చిరి. దేశమును పాలించుచుండిన మూడవ కమెహమెహా రాజు తన తరువాత రాజ్యమునకు రాదగిన బాలబాలికలకు మంచి విద్య గఱపవలెనని కోరగా, ఏమస్ కుక్ దొరగారును, వారి భార్య జూలియట్ దొరసానిగారును వారికొఱకు ఒక వసతిపాఠశాల నడపిరి. అందు చదివినవారు పదునాఱుగురు మాత్రమే. ఆ పదునాఱుగురిలో అయిదుగురు క్రమముగా సింహాసనమెక్కిరి. ఒక చిన్న మిషను బడి ఒక దేశమునకు అయిదుగురు పాలకులను తయారు చేసినదనిన, ఉపాధ్యాయులమైన మాకు సంతోషముతోపాటు భయమును కలుగుచున్నది. బల్లమీద కూర్చున్న పిల్లలలో ఎవడు ఏమగునో ఉపాధ్యాయుడెఱుగడు గదా.

దొరసానిగారు ఆ పిల్లలకు సంగీతము నేర్పిరి. స్వరలిపిని చూచి పాడుట వారికి అక్షరములంత సులభమాయెను. కలాకౌవాకును, అతని చెల్లెండ్రగు లిలియుకలాని, లికెలికెలకును, తమ్ముడగు లెలెయొహొకునకును పాట ప్రాణమువంటిది. వారు నలుగురును పాటలు కట్టినవారే. పెద్దవారైన పిమ్మట ఒక్కొక్కరు ఒక్కొక్క గాయకబృందమును చేర్చుకొని, ఎవరి పాట మేలైనదో యని స్నేహపూర్వకముగ పోటీపడుచుండెడివారు. నేటికిని హవాయి ప్రజలు ఆ నలుగురిని ఒక్క పేరుతో కలిపి తలచుకొందురు. లిలియుకలాని దేవాలయమున ఆర్గను వాయించుచు, గాయకబృందమును నడపుచుండెను. 1878వ సంవత్సరమున ఆమె కూర్చిన అలొహ ఓయె అను వీడ్కోలు పాట లోకప్రసిద్ధము.

దేశపు దుఃఖము

ఆ కాలమున హవాయి జనులు నానాటికి తఱిగిపోవుచుండిరి. పరదేశపు ఓడలతో వచ్చిన మశూచికము, తట్టు మొదలగు వ్యాధులు వారికి క్రొత్తవి. వాటి నోర్చుకొను శక్తి వారి దేహములకు లేదు. 1878వ సంవత్సరపు జనాభా లెక్కలలో దీవులన్నిటియందును స్వదేశులును పరదేశులును కలిసి 58 వేలకు లోబడియే యుండిరి. వృద్ధుడొకడు మరణించినప్పుడెల్ల ఒక గ్రంథాలయము కాలిపోయినంత నష్టము. ఏలయన ఆ జనులు తమ వంశచరిత్రలను, యుద్ధములను, నక్షత్రములను, చేపల ఋతువులను తాళపత్రములలో గాక పాటలలోను, హులా అను నాట్యములోను భద్రపఱచుకొనినవారు.

ఆ హులాను 1830వ సంవత్సరమున, క్రైస్తవ మతమును స్వీకరించిన కఅహుమను రాణి, బహిరంగముగ ఆడరాదని నిషేధించెను. మిషనరీలు దానిని మెచ్చుకొనిరి. ఆ నాట్యమున పూర్వదేవతల పూజయు, తమకు అసభ్యముగ తోచిన చేష్టలును ఉండుటయే వారి కారణము. వారి తలంపు మంచిదే. అయినను పొలములోని గురుగులను పీకబోయి గోధుమలను కూడ పెల్లగించు అపాయమును గూర్చి మన ప్రభువు చెప్పిన ఉపమానము ఇచ్చట జ్ఞాపకమునకు రాక మానదు. పాటతోకూడ ఒక జాతియొక్క జ్ఞాపకము కూడ మూగవోవుచుండెను. ఈ సంగతిని బాగుగ గ్రహించినవారిలో కలాకౌవా ఒకడు.

రాజ్యప్రాప్తి

అతడు యౌవనమున న్యాయశాస్త్రము చదివి, సైన్యమున పనిచేసి, 1863వ సంవత్సరమున తపాలాశాఖకు అధిపతియాయెను. ఆ సంవత్సరముననే కపియొలాని అను సాధ్వీమణిని వివాహమాడెను. అయిదవ కమెహమెహా రాజు వారసుని నియమింపక మరణించినందున రాజును ఎన్నుకొనవలసివచ్చెను. 1873వ సంవత్సరమున జరిగిన ఎన్నికలో కలాకౌవా ఓడిపోయెను. గెలిచిన లునలిలొ రాజు ఏడాది తిరిగిన కొలదికాలమునకే చనిపోగా, 1874వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన శాసనసభవారు 39 ఓట్లతో కలాకౌవాను రాజుగ నెన్నుకొనిరి. ప్రతిపక్షమున నిలిచిన ఎమ్మా రాణికి 6 ఓట్లు మాత్రమే వచ్చెను. ఆమె పక్షమువారు కోపోద్రిక్తులై న్యాయస్థానభవనముపై బడి సభ్యులను కొట్టిరి. అమెరికా, బ్రిటిషు ఓడలనుండి సైనికులు దిగి శాంతి నెలకొల్పవలసివచ్చెను. ఇట్లు ఆ రాజు పాలన గాయముతోనే ఆరంభమాయెను.

ఆ సంవత్సరముననే ఆయన తన ప్రజల కొఱకు ఒక జాతీయగీతము రచించెను. దానికి స్వరము కూర్చినవాడు ప్రష్యా దేశమునుండి వచ్చి రాజుగారి బ్యాండును నడపుచుండిన హెన్రీ బెర్గర్. రాజు జన్మదినమున కవయహఒ దేవాలయపు గాయకబృందము దానిని మొదటిసారి పాడెను. నేడు ఆ గీతమే హవాయి రాష్ట్రగీతమై యున్నది.

మదీరా దీవినుండి వచ్చిన ఓడ

1875వ సంవత్సరమున అమెరికాతో కుదిరిన ఒడంబడికవలన హవాయి చక్కెర సుంకము లేక అమెరికాకు పోవ మొదలిడెను. చెఱకుతోటలు విస్తరించెను, కూలీలు చాలరైరి. ఆ శతాబ్దముననే మన తెలుగువారనేకులు చెఱకుతోటల పనికై మారిషసునకును నాటాలునకును ఓడలెక్కిరి గదా. అట్లే అట్లాంటిక్ మహాసముద్రములోని మదీరా దీవినుండి పోర్చుగీసువారు హవాయికి బయలుదేరిరి. తెగులు తగిలి ద్రాక్షతోటలు పాడైనందున ఆ దీవిలో బ్రతుకుతెరువు కఱవైయుండెను.

1879వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన రావెన్‌స్క్రాగ్ అను ఓడ, దక్షిణ అమెరికా కొనను చుట్టి, నాలుగు నెలల ప్రయాణము ముగించి హొనొలూలు రేవు చేరెను. అందు స్త్రీలు, పురుషులు, పిల్లలు నాలుగువందలకు పైబడి యుండిరి. వారిలో నొకడు మచేటె అను చిన్న తంతివాద్యమును తెచ్చుకొనెను గాని వానికి వాయించుట రాదట. కావున దానిని తోడి ప్రయాణికుడగు జువాన్ ఫెర్నాండిసు చేతికిచ్చెను. ప్రాణములతో నేల చేరితిమన్న సంతోషమున ఫెర్నాండిసు రేవులోనే నిలిచి తన దేశపు పాటలను వాయించెనని చెప్పుదురు. చూడవచ్చిన హవాయి జనులు అతని వ్రేళ్ల వేగమునకు ఆశ్చర్యపడిరి. కొలదిదినములలోనే మదీరావారు రాత్రులయందు వీథులలో సంగీతము వినిపించుచున్నారని హొనొలూలు వార్తాపత్రిక వ్రాసెను.

ఆ ఓడలోనే మాన్యుయెల్ నూనెసు, ఆగుస్తొ దియాసు, జోసె దొ ఎస్పిరితు శాంతు అను ముగ్గురు వడ్రంగులును వచ్చియుండిరి. కుర్చీలు, పెట్టెలు చేయుట వారి వృత్తి. వాద్యములు చేయుటయు వారెఱుగుదురు. ఒప్పందపు పనులు తీఱిన పిమ్మట వారు హొనొలూలు చేరి, 1886వ సంవత్సరమునాటికి తమ తమ దుకాణములు పెట్టుకొనిరి.

రాజుగారి భూప్రదక్షిణము

ఈ మధ్యకాలమున రాజు లోకమును చూడ బయలుదేరెను. 1881వ సంవత్సరము జనవరి నెలలో హొనొలూలు విడిచి, జపాను, చీనా, సయాము, బర్మా దేశములను దర్శించి, మే నెల చివర మన కలకత్తా నగరమునకు వచ్చి, అచ్చటినుండి రైలుమీద బొంబాయి చేరి, ఐరోపాకు సాగిపోయెను. న్యూయార్కు నగరమున విద్యుద్దీపముల నిర్మాత ఎడిసన్ గారిని కలిసికొనెను. అక్టోబరు నెలాఖరున స్వదేశము చేరెను. సింహాసనముపైనుండగా భూమిని చుట్టివచ్చిన రాజులలో ఆయనయే మొదటివాడు. తోటలకు కూలీలను సంపాదించుటయు, పెద్ద రాజ్యములతో స్నేహము చేసి తన చిన్న రాజ్యమును కాపాడుకొనుటయు ఆయన ఉద్దేశములు. చూచినవానిలో తన దేశమునకు పనికివచ్చునది యేదియని ఆయన ఎల్లప్పుడు వెదకుచుండెను. ఆ గుణమే చిఱువాద్యము విషయమునను కనబడినది.

రాజును వాద్యమును

మదీరా వడ్రంగులు హవాయిలో చేసిన వాద్యము ముమ్మూర్తుల మచేటె కాదు. దాని ఆకారమును మచేటెనుండి తీసికొనిరి. శ్రుతిని మాత్రము రజావొ అను అయిదు తంతుల వాద్యమునుండి తెచ్చిరి. కఱ్ఱ హవాయి అడవులదే. కోవా అను ఆ చెట్టు మన తుమ్మజాతికి బంధువు. ఎఱుపు కలిసిన బంగారువన్నె గలది. హవాయి ప్రభువులు పడవలు తొలిపించుకొనినది ఆ కఱ్ఱతోనే. కావున పరదేశపు వాద్యము హవాయి చెట్టుతో దేహమును ధరించెనని చెప్పవచ్చును.

దాని నాలుగు తంతులను పైనుండి క్రిందికి ప, స, గ, ద అను స్వరములకు శ్రుతి చేయుదురు. తక్కిన తంతివాద్యములలో పై తంతి తఱచుగ మంద్రమైనది. ఇందులో నట్లుగాక మొదటి తంతిని షడ్జమునకు పైనున్న పంచమమునకే బిగింతురు. అందుచే నాలుగు స్వరములును ఒక్క స్థాయిలో దగ్గఱగ నుండి, కుడిచేతి వ్రేలితో ఒక్కసారి మీటగానే చిఱుగంటల గుత్తి కదలినట్లు మ్రోగును. ఎడమచేతి వ్రేలొకటి యొకచోట నొక్కినచో చాలు, చిన్న పిల్లయు పాటకు తోడు వాయింపగలదు. ఆ సులభత్వమే ప్రజలను దానివైపునకు లాగెను.

రాజున కప్పటికే బ్యాండుమేళముండెను. ఇత్తడి కొమ్ములును, భేరులును, యూనిఫారము ధరించిన వాద్యగాండ్రును ఉండిరి. 1882వ సంవత్సరమున ముగిసిన ఇయొలాని రాజమందిరమున పియానో యుండెను. అట్టివాడు ఒక పరదేశపు వడ్రంగి దుకాణమునకు పోయి బల్లప్రక్కను నిలుచుండెననిన, అది వేడుకకొఱకు మాత్రమే కాదు. దియాసు వంశమువారు చెప్పుకొనుచు వచ్చిన దానిని బట్టి రాజు తఱచుగ ఆ దుకాణమునకు వచ్చుచుండెను. వాయించుటయేగాక, చేయుటయు నేర్చుకొనెను. రాజదండము పట్టిన చేతులు చిత్రిక పట్టుట మాకు మిక్కిలి రమ్యముగ తోచుచున్నది. నజరేతులోని వడ్రంగి ఇంటిని ఎఱిగిన మన కది చిన్నతనముగ కనబడదు.

దియాసు, ఫెర్నాండిసు మొదలగువారిని రాజు తన సభకు పిలిపించుకొనెను. విందులును, పాటలును, హులాయు కలసి రాత్రి తెల్లవార్లు సాగుచుండెనని ఫెర్నాండిసు ముసలితనమున తలచుకొని చెప్పెను. సముద్రతీరమున పడవలుంచుకొను ఇల్లొకటి రాజునకు కలదు. సాయంకాలములందు ఆయన అచ్చట మిత్రులతో కూర్చుండి తానే ఉకులేలే మీటుచు, తాను కట్టిన పాటలు పాడుచుండెను. రాజు వాయించుచున్నాడని విని ప్రభువంశీయులు వాయించిరి. వారిని చూచి పల్లెవారు వాయించిరి. కూలీల వాద్యమన్న తక్కువతనము తొలగిపోయెను.

దాని పేరునకు రెండర్థములు చెప్పుదురు. ఉకు అనగా మిన్నల్లి, లేలే అనగా ఎగురుట. వాయించువాని వ్రేళ్లు తంతులమీద మిన్నల్లులవలె ఎగురుటచే ఆ పేరు కలిగినదని కొందఱందురు. రాజుగారి చెల్లెలు లిలియుకలాని మాత్రము అది వచ్చిచేరిన కానుక అను అర్థమును చెప్పెను. మాకు రెండవదియే యింపుగ నున్నది.

జూబిలీ ఉత్సవము

1883వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన పట్టాభిషేకోత్సవమున రాజు తన కిరీటమును తానే తలపై నుంచుకొనెను. ఆ ఉత్సవమున ఏబదియేండ్లుగ మఱుగుపడియుండిన హులాను బహిరంగముగ ఆడించెను. పట్టణములోని అమెరికావారనేకులు, ముఖ్యముగ మిషనరీల కుటుంబములవారు, నొచ్చుకొనిరి. నాట్యముల పట్టికను అచ్చువేసినవారిపై అసభ్యతానేరము మోపి వ్యాజ్యము కూడ నడపిరి. రాజు వెనుదీయలేదు.

1886వ సంవత్సరము నవంబరులో ఆయన ఏబదవ జన్మదినోత్సవము రెండువారములు జరిగెను. దీవులన్నిటినుండి ప్రజలు కానుకలతో నడచి వచ్చిరి. అప్పుడు క్రొత్తరీతి హులా ఒకటి ప్రదర్శింపబడెను. అందు పాతకాలపు పదములును అడుగులును ఉండెను. వానితోపాటు గిటారును, ఉకులేలేయు తోడాయెను. మిషను బడులలోను దేవాలయములలోను జనులు నేర్చిన కీర్తనల బాణీలును ఆ పాటలలో కలిసెను. తాతలనాటి అడుగు, మిషనరీలు నేర్పిన స్వరమేళనము, కూలీలు తెచ్చిన వాద్యము, ఈ మూడును ఒక్క పందిరిక్రింద చేరెను. ఇప్పుడు లోకము హవాయి సంగీతమని పిలుచునది ఆ కలయికలోనే పెరిగినది.

మన సంఘములలో పురుషోత్తమ చౌదరిగారు మన రాగతాళములలో క్రైస్తవ కీర్తనలు కూర్చియుండనిచో మన ఆరాధన యెట్లుండెడిదో తలచి చూడుడు. సువార్తను స్వీకరించినవాడు తన తల్లి జోలపాటను విడిచిపెట్టనక్కఱలేదని వారు చూపిరి. హవాయి రాజు తలంపు చౌదరిగారి తలంపు కాదు; ఆయనకు మతముకన్న జాతిగౌరవము ముఖ్యము. అయినను పాట విషయమున ఆయన తన ప్రజలకు చేసిన మేలును మనము కాదనరాదు.

లోపములు - కష్టములు

రాజుయొక్క లోపములను దాచుట మాకిష్టము లేదు. ఆయన దాతయేగాని లెక్క చూచుకొనువాడు కాడు. ఇయొలాని మందిరమునకును, పట్టాభిషేకమునకును, ఉత్సవములకును చిన్న రాజ్యము మోయలేని ధనము వ్యయమాయెను. మధుపానమునందును, జూదమునందును ఆయనకు ఆసక్తి మెండు. నల్లమందు వ్యాపారపు హక్కు నిత్తునని యొక చీనా వర్తకునివద్ద 71 వేల డాలర్లు పుచ్చుకొని, హక్కును మఱియొకని కిచ్చెనను అపవాదు పొడసూపి ఆయన పేరును మిక్కిలి చెఱచినది. సంగీతమునందలి ప్రేమ మనుష్యుని హృదయమును మెత్తపఱచునేగాని, అది ఒక్కటియే వానిని నీతిమంతునిగ చేయజాలదు.

ఈ లోపములు శత్రువులకు సాధనములాయెను. 1887వ సంవత్సరము జూలై 6వ తేదీన ఆయుధములు ధరించిన పక్షమువారు రాజుచేత క్రొత్త రాజ్యాంగపత్రముపై బలవంతముగ చేవ్రాలు చేయించిరి. అందువలన ఆయన అధికారము పేరునకు మాత్రమే మిగిలెను. పేద హవాయి జనులనేకులు ఓటుహక్కును పోగొట్టుకొనిరి. అందుకు పూనుకొనినవారిలో చెఱకుతోటల యజమానులు నుండిరి. మిషనరీల కుమారులును, మనుమలును ఉండిరి. ఈ మాట వ్రాయుటకు మాకు బాధగ నున్నది. కాని తాతలు సువార్తను తెచ్చిన దేశమున మనుమలు అధికారమును అపహరించిరను నిందను హవాయి క్రైస్తవులు తామే యెన్నియోమాఱులు తలచుకొని దుఃఖించిరి. మిషను బడిలో పనిచేయు మేము దానిని చదివి మఱచిపోరాదు.

అధికారము పోయిన దినములలో రాజు పాటను విడువలేదు. 1889వ సంవత్సరమున ట్రెజర్ ఐలండ్ గ్రంథకర్త రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ హొనొలూలునకు వచ్చి అయిదు నెలలుండెను. రాజునకును ఆయనకును గాఢస్నేహము కలిగెను. జూనులో స్టీవెన్‌సన్ ఓడ యెక్కినప్పుడు రాజు తన వాద్యగాండ్రతో రేవునకు వచ్చి సంగీతముతో వీడ్కోలు పలికెను. పది సంవత్సరముల క్రిందట కూలీలు వాయించుచు దిగిన రేవు అదియే.

మరణము

1890వ సంవత్సరపు చివరిభాగమున ఆరోగ్యము క్షీణించుటచే రాజు అమెరికా యుద్ధనౌకపై కాలిఫోర్నియాకు వెళ్లెను. 1891వ సంవత్సరము జనవరి 20వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరములోని యొక హోటలునందు, ఏబదినాలుగవ యేట మరణించెను. మరణమునకు కొన్ని దినములముందు ఎడిసన్ యంత్రముతో ఆయన మాటలను మైనపు గొట్టముపై ముద్రించిరి. ఆ గొట్టము హొనొలూలులోని బిషప్ ప్రదర్శనశాలలో భద్రముగ నున్నది గాని, అందలి స్వరము స్పష్టముగ వినబడు స్థితిలో లేదు.

స్వదేశమున ఎవ్వరికి ఈ వార్త తెలియదు. సముద్రముక్రింద తంతివార్తలు అప్పటి కా దీవులకు లేవు. రాజు స్వస్థుడై వచ్చునని ప్రజలు వీథులలో తోరణములు కట్టి, పూలదండలు గ్రుచ్చి ఎదురుచూచుచుండిరి. జనవరి 29వ తేదీన ఓడ కనబడెను. దానిపై జెండాలు సగము కంబమున దింపబడియుండెను. అంతట జనులు తోరణములను విప్పి నల్లగుడ్డలు కట్టిరి.

తరువాతి కథ

చెల్లెలు లిలియుకలాని రాణియాయెను. 1893వ సంవత్సరము జనవరిలో ఆమెను సింహాసనమునుండి దింపిరి. 1895వ సంవత్సరమున అన్న కట్టిన ఇయొలాని మందిరముననే ఒక గదిలో ఆమెను బంధించిరి. వాద్యము లేనందున కంఠముతోనే స్వరములు సరిచూచుకొనుచు ఆమె అచ్చట పాటలు వ్రాసెను. వానిలో నొకటి తన్ను బంధించినవారి పాపములను క్షమింపుమని దేవుని వేడుకొను ప్రార్థన. కుక్ దొరసానిగారు నేర్పిన సంగీతము ఆ చెఱలో ఫలించినదని మా నమ్మకము. 1898వ సంవత్సరమున హవాయి అమెరికాలో చేర్చబడెను. రాజ్యము ముగిసెను.

వాద్యము ముగియలేదు. 1915వ సంవత్సరమున శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున గొప్ప ప్రదర్శనము జరిగెను. కలాకౌవా కన్నుమూసిన నగరమదియే. అచ్చట హవాయి మండపమున ఉకులేలే విన్న జనులు దానిపై మోహపడిరి. కొలదికాలములోనే అమెరికాలోని వాద్యశాలలు వేలకొలది చేయసాగెను. నేడు అనేక దేశముల పాఠశాలలలో పిల్లలు సంగీతమునకు మొదటిమెట్టుగ దానినే నేర్చుకొనుచున్నారు. హవాయిలోని హీలో పట్టణమున ఏటేట ఈస్టరు పండుగ వారమున కలాకౌవా పేర హులా ఉత్సవము జరుగుచున్నది. మిషనరీలు పెట్టిన దేవాలయములలో పునరుత్థానకీర్తనలు పాడిన జనులే ఆ వారము రాజుగారి పాటలును పాడుదురు. ఒకనాటి వైరము అట్లు తీఱినది.

ప్రియ విద్యార్థులారా, ఈ రాజునందు మీరు అనుసరింపవలసినదియు, మానవలసినదియు నేర్పఱచుకొనుడు. ఆయన వలె ఋణములు చేయకుడు, అపవాదునకు తావియ్యకుడు. అయితే ఆయన ఒక పేదవాని చేతిలోని చిన్న వస్తువును చూచి నవ్వక, దగ్గఱకు పోయి, దాని నేర్చుకొని, తన పెరటి కఱ్ఱతో చేయించి, తన తాతల పాటకు తోడు చేసికొనెను. మన బడికి వచ్చు పిల్లలలో ఎవరి ఇంట డప్పుండునో, ఎవరి ఇంట తంబుర యుండునో, ఎవరి అవ్వకు ఏ పాట వచ్చునో మేమును పూర్తిగ నెఱుగము. ఈ సెలవులలో మీ ఇంటి వృద్ధులయొద్ద కూర్చుండి, వారికి వచ్చిన పాట నొకదానిని నేర్చుకొని రండు. బడి తెఱచిన మొదటి వారమున దానిని వినుటకు మేము సిద్ధముగ నుందుము.